ఊరి మ్యూజియంలో మన వీధిని వెతుక్కోవడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

నగర మ్యూజియాల గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. ప్రవేశం ఉచితం కదా అని వెళ్లాం, గదులన్నీ తిరిగాం, మా ఊరు ఎలా మారిందో మాత్రం అంతుపట్టలేదు అని. పాత పటాలు, ఫొటోలు, పురపాలక దస్త్రాలతో పనిచేసేవాళ్లం కలిసి ఈ జవాబులు రాశాం.

ప్రశ్న: నేను పుట్టి పెరిగిన నగరంలోని మ్యూజియానికి మొదటిసారి వెళ్లాను. మూడు గంటలు తిరిగాను. రాతి పనిముట్ల దగ్గర మొదలుపెట్టి నిన్నమొన్నటి రైలు మార్గాల దాకా అన్నీ చూశాను. ఇంటికొచ్చి తలుచుకుంటే ఒక్కటీ గుర్తు లేదు. ఎలా చూడాలి?

ఊరంతటినీ చూడబోవడమే చిక్కు. ఒక్క చోటు ఎంచుకోండి. మీ ఇల్లు వద్దు, అది ఏ పటంలోనూ ఏ ఫొటోలోనూ దొరక్కపోవచ్చు. మీరు బాగా ఎరిగిన కూడలో, వంతెన మొదలో, అంగళ్ల వీధో అయితే దొరుకుతుంది. దాని చుట్టూ రెండు మూడు వందల మీటర్ల మేర చాలు.

వెళ్లే ముందు ఆ చోటు ఇప్పటి పటాన్ని ఒక ఎ4 కాగితం మీద ముద్రించుకోండి. 1:2500 స్కేలులో ముద్రిస్తే కాగితంపై ఒక సెంటీమీటరు నేల మీద 25 మీటర్లు. కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు కాబట్టి దాదాపు 525 మీటర్ల నేల అందులో పడుతుంది. ఉత్తరం గుర్తు, స్కేలు గీత తప్పకుండా ఉండాలి. పెన్ను బదులు పెన్సిలు పట్టుకెళ్లండి. పాత కాగితాలు ఉండే గదుల్లో పెన్నులు సాధారణంగా ఒప్పుకోరు.

లోపలికి వెళ్లాక మొదటి ఇరవై నిమిషాలు ఏదీ చదవకుండా తిరగండి. పటాలు ఏ గదిలో ఉన్నాయి, ఊరి నమూనా (చిన్న సైజులో చేసిన బొమ్మ) ఎక్కడుంది, వీధుల ఫొటోలు ఎక్కడ అన్నది మాత్రం చూసుకోండి. రెండో చుట్టులో వాటి దగ్గరికే వెళ్లి మీ చోటు కోసం వెతకండి. దొరికిన ప్రతిసారీ అది ఏ సంవత్సరానిదో, ఎవరు ఎందుకు తయారు చేయించారో, మీ చోట అప్పుడు ఏముందో రాసుకోండి. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే నమోదు సంఖ్యనూ వదలొద్దు. తర్వాత ఏం అడగాలన్నా ఆ సంఖ్యే ఆధారం. చాలామంది దాన్నే వదిలేస్తారు. ఇప్పుడున్నదేదైనా అప్పటి పటంలో లేకపోతే అదీ రాయండి. "1880 పటంలో ఈ వంతెన లేదు" అన్న ఒక్క వాక్యం ఒక ఫొటో అంత విలువైనది.

గంట కాగానే బయటికి వచ్చేయండి. ఇంటి దగ్గర ఆ వివరాలను సంవత్సరాల వరుసలో పెడితే, ఏ ముప్పై ఏళ్లకు సమాచారం లేదో కనిపిస్తుంది. రెండోసారి వెళ్లేది ఆ ఖాళీ కోసం. డబ్బు పెట్టి టికెట్టు కొన్నచోట అన్నీ ఒకేరోజు చూసేయాలనిపిస్తుంది. ఉచిత మ్యూజియంలో ఆ తొందర అక్కర్లేదు. ఒక్క పటం కోసం వెళ్లి అరగంటలో తిరిగి రావచ్చు.

ప్రశ్న: ఉచితం అంటే అన్నీ ఉచితమేనా?

సాధారణంగా శాశ్వత ప్రదర్శన మాత్రమే ఉచితం. పారిస్ నగర చరిత్రను చూపే కార్నవాలే మ్యూజియం పద్ధతి అదే, ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్టు ఉంటుంది. బ్రిటన్‌లో జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలు 2001 డిసెంబరు నుంచి అందరికీ ఉచితం. నిల్వ గదుల్లోని వస్తువులు, రీడింగ్ రూములోని పటాలు చూడాలంటే డబ్బు కట్టక్కర్లేకపోయినా ముందుగా సమయం తీసుకోవాలి. ఫొటో నకళ్లకు రుసుము ఉంటుంది. బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోండి. నగర మ్యూజియాలు పాత భవనాల్లో ఉంటాయి కాబట్టి మరమ్మతులకు ఏళ్ల తరబడి మూతపడతాయి. కార్నవాలే 2016లో మూసి 2021లో తెరిచారు. లండన్ నగర మ్యూజియం తన పాత భవనాన్ని 2022 డిసెంబరులో మూసి అదే నగరంలోని స్మిత్‌ఫీల్డ్‌కు మారే పని పెట్టుకుంది.

ప్రశ్న: మ్యూజియంలోని పాత పటాన్ని, ఇప్పటి పటాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ కలవడం లేదు. నది కూడా వేరే వంపు తిరిగినట్టుంది. పటం తప్పా, నేను చూసే పద్ధతి తప్పా?

ఊరు మారిన తీరు తెలియాలంటే ఫొటో కన్నా పటమే ముందు అన్నది మా అభిప్రాయం. కాబట్టి దీనికి కాస్త వివరంగా చెబుతాం.

మొదట ఉత్తరం ఎటుందో చూడండి. పాత పటాల్లో ఉత్తరం పైనే ఉండాలన్న నియమం లేదు. 1739లో ప్రచురితమైన పారిస్ నగర పటం ఒకటుంది, తుర్గో పటం అంటారు. ఇరవై పలకల మీద చెక్కిన ఆ పటంలో పైవైపున ఉన్నది ఆగ్నేయం. అలాంటిదాన్ని ఉత్తరం పైనున్న నేటి పటంతో పోలిస్తే నది వంపు సైతం కొత్తగా కనిపిస్తుంది. ఇప్పటి కాగితాన్ని తిప్పి పట్టుకుంటే సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

తర్వాత అది ఎలాంటి పటమో తేల్చుకోవాలి. కొన్ని కొలిచి గీసినవి, కొన్ని ఎత్తు నుంచి చూసినట్టు వేసిన బొమ్మలు. 1500లో ఆరు చెక్క అచ్చులతో ముద్రించిన వెనిస్ నగర దృశ్యం రెండో రకం. అందులో ఇళ్లు లెక్కపెట్టవచ్చు, గోపురాలు గుర్తుపట్టవచ్చు. వీధి వెడల్పు మాత్రం కొలవకూడదు. 1748లో పన్నెండు పలకలుగా వచ్చిన జాన్‌బత్తిస్తా నొల్లి రోమ్ పటం మొదటి రకం, కొలతకు పనికొస్తుంది. జనం స్వేచ్ఛగా వెళ్లగలిగే లోపలి స్థలాలను, అంటే చర్చీల లోపలి భాగం వంటివాటిని, వీధుల్లాగే తెల్లగా వదిలి మిగతా ఇళ్లను ముదురుగా నింపారు. ఈ సంగతి తెలియకుండా చూస్తే ప్రతి చర్చీ ఖాళీ స్థలంలా కనబడుతుంది.

మూడోది స్కేలు. గోడ మీద వేలాడేది అసలు పటమా, పెంచి ముద్రించిన నకలా? నకలైతే మూలన రాసి ఉన్న 1:2500 లాంటి అంకె ఇక చెల్లదు. పటంతో పాటే పెరిగి తరిగే స్కేలు గీతనే నమ్మండి. మైలుకు ఆరంగుళాల చొప్పున గీసిన పటం అంటే 1:10,560. అందులో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద అయిదు మీటర్లకు పైనే. సందు వెడల్పు గురించి అలాంటి పటం ఏమీ చెప్పలేదు. వీధి వెడల్పు కావాలంటే 1:500 లేదా 1:1000 పటం అడగండి.

నాలుగోది సంవత్సరం. పటం మీద పెద్దగా కనిపించే సంవత్సరం చాలావరకు ముద్రణ జరిగిన ఏడాది. కొలిచిన ఏడాది అంచున చిన్నగా ఉంటుంది. రెండింటి మధ్య కొన్నేళ్ల తేడా మామూలే. అంతకన్నా ఇబ్బంది పెట్టేది ప్రతిపాదిత రహదారి. వేయబోయే రోడ్డును చుక్కల గీతతో చూపుతారు, నకలు తీసినప్పుడు ఆ చుక్కలు కలిసిపోయి వేసేసిన రోడ్డులా కనిపిస్తాయి. అది ఎన్నడూ పడని రోడ్డు కూడా కావచ్చు. తర్వాతి పటంలోనూ ఉంటేనే ఉందని నమ్మండి.

అగ్నిప్రమాద బీమా కోసం తయారైన పటాలు మీ మ్యూజియంలో ఉంటే మీరు అదృష్టవంతులు. అమెరికాలో 1867లో మొదలైన శాన్‌బోర్న్ సంస్థ పటాల్లో ఇటుక కట్టడం గులాబీ రంగు, చెక్కది పసుపు, రాతిది నీలం. అంతస్తులు ఎన్నో, పైకప్పు దేనిదో కూడా ఉంటుంది. అయితే మార్పులు జరిగినప్పుడు కొత్త చీటీలు ముద్రించి పాత పటం మీద అంటించేవారు. శీర్షికలో ఉన్న సంవత్సరం ఒకటి, అంటించిన చీటీ సంవత్సరం ఇంకొకటి. వెలుతురు పక్కనుంచి పడేలా చూస్తే చీటీ అంచు తెలుస్తుంది.

ఇక కలపడం. రెండు పటాల్లోనూ కచ్చితంగా ఒకటే అయిన మూడు బిందువులు పట్టుకోండి. పాత రాతి కట్టడం మూల, రెండు ఇరుకు వీధులు కలిసేచోటు, రైలు పట్టాలు చీలేచోటు మంచివి. నది ఒడ్డు వద్దు, అది జరుగుతుంది. వంతెన కూడా అనుమానమే, పాతదాని పక్కనే కొత్తది కట్టి పాతది తీసేస్తారు. వెడల్పు చేసిన రోడ్డు మధ్య గీతా వద్దు. విస్తరణకు తరచుగా ఒకవైపు ఇళ్లే తీస్తారు కాబట్టి మధ్య గీతే పక్కకు పోతుంది. మూడు బిందువుల మధ్య దూరాలు స్కేలుతో కొలిచి చూడండి. ఒక శాతం తేడా వస్తే కంగారు పడొద్దు, కాగితం తేమకు సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, అదీ నిలువునా అడ్డంగా ఒకేలా కాదు. 1:2500 పటంలో కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు. ఒక శాతం అంటే నేల మీద పది మీటర్లు. అంతకన్నా చిన్న తేడాను "వీధి జరిగింది" అనుకోకూడదు.

ప్రశ్న: ఇదే పని కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పెట్టి చేయవచ్చా?

చేయవచ్చు. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్సర్ అనే పరికరం దీనికోసమే ఉంది. పాత పటం స్కానులో ఒక బిందువును, ఇప్పటి పటంలో అదే బిందువును వరుసగా చూపుతూ పోవాలి. సాధారణ పద్ధతికి కనీసం మూడు బిందువులు అవసరం. ఎనిమిది, పది పెట్టండి. అన్నీ నడిమధ్య కాకుండా నాలుగు మూలలకూ పరచండి. ప్రతి బిందువుకూ ఎంత తేడా మిగిలిందో అది లెక్క చూపుతుంది. ఒక్కదానికి మాత్రం పెద్ద తేడా వస్తే వెంటనే తొలగించకండి, మీరు తప్పు మూల పట్టుకున్నారేమో, నిజంగానే అక్కడ ఏదైనా మారిందేమో చూడండి. పటాన్ని రబ్బరులా సాగదీసే పద్ధతి కూడా అందులో ఉంది. అది పెట్టిన బిందువులన్నింటినీ అతికినట్టు కలిపేస్తుంది, తేడా సున్నా చూపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ పటంలోని తప్పులన్నీ దాక్కుంటాయి. మొదటిసారి దాన్ని వాడొద్దు. ఫోనుతో పక్కవాటంగా తీసిన ఫొటో పనికిరాదు, మ్యూజియం ఇచ్చే చదునైన స్కాను అడగండి.

ప్రశ్న: మా కూడలి ఫొటో ఒకటి ప్రదర్శనలో ఉంది. కింద "సుమారు 1900" అని మాత్రమే రాశారు. ఏ ఏడాదిదో తేల్చే దారి ఉందా?

ఏడాది తేలడం అరుదు. రెండు హద్దుల మధ్య ఇరికించడం సాధ్యమే. ఫొటోలో కనిపించేవాటిలో అన్నింటికన్నా ఆలస్యంగా వచ్చినది ఏదో పట్టుకుంటే, ఫొటో అంతకుముందుది కాదని తెలుస్తుంది. తర్వాత కూల్చేసిన కట్టడం ఏదైనా నిలబడి ఉంటే ఆ తర్వాతిది కాదు. ట్రామ్ తీగలు, విద్యుత్ స్తంభాలు, దీపస్తంభం తీరు, దుకాణం బోర్డు మీద పేరు, గోడకు అంటించిన ప్రకటన, వీటిని వరుసగా చూడండి. దుకాణం పేరు అన్నింటికన్నా బలమైన ఆధారం. అప్పటి వ్యాపారుల డైరెక్టరీల్లో ఆ పేరు ఏ ఏడాది మొదలై ఏ ఏడాది ఆగిందో చూస్తే హద్దులు చాలా దగ్గరికి వస్తాయి. దుస్తులను బట్టి, బళ్లను బట్టి చెప్పకండి. మనుషులు పాత బట్టలు వేసుకుంటారు, పాత బళ్లు తోలుతారు.

పోస్టుకార్డు అయితే వెనక వైపు చూపించమని అడగండి. మొదట్లో వెనక మొత్తం చిరునామాకే. సందేశానికి, చిరునామాకు మధ్య గీతతో విభజించిన కార్డులను బ్రిటన్ 1902లో, అమెరికా 1907లో అనుమతించాయి. గీత ఉంటే ఆ కార్డు ముద్రణ అంతకుముందుది కాదు. తపాలా ముద్ర కార్డు పోస్టు చేసిన రోజునే చెబుతుంది, ఫొటో తీసిన రోజును కాదు. ప్రచురణకర్తలు పాత నెగటివ్‌తో ఏళ్ల తరబడి కార్డులు వేసేవారు, అడ్డొచ్చిన తీగలు చెరిపేవారు, రంగులు అద్దేవారు. రంగుల కార్డు చూసి ఆ భవనం పసుపు రంగుదని రాసేయకండి.

మరీ పాత ఫొటోలో వీధి నిర్మానుష్యంగా ఉంటే ఊళ్లో జనం లేరని కాదు. తొలి ఫొటో పద్ధతుల్లో ఒకదాన్ని కనిపెట్టిన దగేర్ 1838లో పారిస్‌లో తీసిన బులెవార్ ద్యు తాంప్ల్ అనే వీధి చిత్రానికి చాలా నిమిషాలు వెలుతురు పట్టాల్సి వచ్చింది. రద్దీ వీధిలో కదిలేవాళ్లంతా మాయమై, బూట్లు తుడిపించుకుంటూ కదలకుండా నిలబడిన మనిషి ఒక్కడే స్పష్టంగా మిగిలాడు. ఆ పద్ధతిలో తీసిన చిత్రాల్లో కుడి ఎడమలు తారుమారు కూడా అవుతాయి. మీ కూడలి అద్దంలో చూసినట్టు ఉంటే ముందు బోర్డుల మీద అక్షరాలు చూడండి. పంతొమ్మిదో శతాబ్దపు ఫొటోల్లో ఆకాశం తెల్లగా ఉండటానికీ కారణం ఉంది. అప్పటి ప్లేట్లు నీలి కాంతికి అతిగా స్పందించేవి. మేఘాలు చక్కగా కనిపిస్తే అవి వేరే నెగటివ్ నుంచి తెచ్చి కలిపినవి కావచ్చు.

ప్రశ్న: పాత ఫొటో తీసిన చోటే నిలబడి ఇప్పుడు ఫొటో తీయాలని ఉంది. ఎంత ప్రయత్నించినా ఒకేలా రావడం లేదు.

జూమ్ మార్చి సరిచేయాలని చూస్తున్నారేమో. జూమ్ చిత్రాన్ని పెద్దది చేస్తుంది, చిన్నది చేస్తుంది, అంతే. దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మధ్య ఉన్న సంబంధాన్ని నిర్ణయించేది మీరు నిలబడిన చోటు.

పాత ఫొటోలో ఇప్పటికీ నిలిచి ఉన్నవి రెండు వెతకండి, ఒకటి దగ్గరిది, ఒకటి దూరానిది. దగ్గరి భవనం అంచు దూరపు గోపురంలో ఏ భాగానికి ఆనుకుని కనిపిస్తోందో గుర్తు పెట్టుకోండి. అక్కడికి వెళ్లి చూసినప్పుడు దగ్గరి అంచు ఉండాల్సిన దానికన్నా కుడికి కనిపిస్తే మీరు కుడికి జరగాలి, ఎడమకు కనిపిస్తే ఎడమకు. అలా మొదట ఆ గీత మీదికి రండి.

తర్వాత ముందుకా, వెనక్కా అన్నది. పాత ఫొటోలో దగ్గరి భవనం ఎత్తు 40 మిల్లీమీటర్లు, దూరపు గోపురం 20 ఉన్నాయనుకోండి, నిష్పత్తి రెండు. మీ ఫోను తెరమీద అదే కొలిస్తే 1.7 వచ్చిందంటే మీరు వెనక ఉన్నారు. ముందుకు నడిస్తే దగ్గరిది త్వరగా పెరుగుతుంది. నిష్పత్తి రెండుకు చేరినచోట ఆగండి. ఆ తర్వాత మళ్లీ కుడి ఎడమలు సరిచూడండి, ఎందుకంటే ముందుకు నడిచేటప్పుడు అవి కాస్త చెదురుతాయి.

ఎత్తు మర్చిపోతారు చాలామంది. చదునైన వీధిలో దూరంగా దగ్గరగా ఉన్న మనుషుల తలలన్నీ ఒకే అడ్డగీత మీద ఉంటే కెమెరా మనిషి కంటి ఎత్తులో ఉన్నట్టు. ఆ తలలన్నీ క్షితిజ రేఖకు కిందే ఉంటే ఫొటో మేడ మీద నుంచో కిటికీలోంచో తీశారు. కింద నిలబడి ఎంత తంటాలు పడ్డా అది రాదు. పాత కెమెరాల్లో లెన్సును పైకి జరిపి గోడలు నిటారుగా వచ్చేలా చేసుకునేవారు. మీరు ఫోను పైకి ఎత్తి వంచితే గోడలు లోపలికి వాలతాయి. నిలువుగా, వంచకుండా పట్టుకుని తీసి కింది భాగం కత్తిరించేయండి. వైడ్ లెన్సు వాడొద్దు. నీడలు కలవాలంటే అదే నెలలో, అదే వేళకు వెళ్లాలి. అమెరికా పశ్చిమ ప్రాంతపు పంతొమ్మిదో శతాబ్దపు సర్వే ఫొటోలను ఫొటోగ్రాఫరు మార్క్ క్లెట్ బృందం 1977–79లో తిరిగి తీసినప్పుడు ఇంత పట్టుదలగానే పనిచేసింది.

ఆనాడు కెమెరా పెట్టినచోటు ఇప్పుడు నడిరోడ్డు కావచ్చు. అక్కడ నిలబడకండి. పక్కన సురక్షితమైన చోటు నుంచి తీసి, అసలు చోటుకు ఎన్ని మీటర్లు ఏ దిక్కున ఉన్నారో రాసి పెట్టండి. ఆ వివరం ఉంటే జంట ఫొటోను మ్యూజియం వాళ్లూ ఇష్టంగా తీసుకుంటారు.

ప్రశ్న: ప్రదర్శనలో అన్నీ పెద్ద కూడళ్లు, ప్రభుత్వ భవనాలే. మేముండే పేట ఎక్కడా లేదు. ఎందుకు?

ఫొటో తీయడానికి ఖర్చయ్యే కాలంలో డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లు ఏది చూపించాలనుకున్నారో అదే మిగిలింది. పేదల పేటలను ఎక్కువగా కూల్చబోయే ముందే తీశారు. గ్లాస్గోలో థామస్ అన్నన్ 1868–71 మధ్య ఇరుకు సందులను ఫొటో తీసింది నగర పునర్నిర్మాణ ట్రస్టు కోసం. పారిస్‌లో చార్ల్స్ మార్విల్ 1862 నుంచి నగరపాలక సంస్థ నియమించిన ఫొటోగ్రాఫరు, నగరం రూపురేఖలు మార్చిన అధికారి ఒస్మాన్ వేయించిన కొత్త రహదారుల కోసం పోబోయే వీధులను ఆయన చేత తీయించారు. కూల్చాలని ముందే నిర్ణయమైన చోటును చూపించే ఫొటోలో చీకటి, తడి, శిథిలం కనిపిస్తే అది ఆ పేట మొత్తం జీవితం అనుకోకూడదు. సందులో వెలుతురు తక్కువ, ఎక్కువసేపు కెమెరా తెరవాలి, కదిలిన పిల్లలు పొగలా మిగులుతారు. లండన్‌లో ఇంకో రకంగా జరిగింది. ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అనే పాత సత్రం కూల్చేస్తారని తెలిసి 1875లో కొందరు ఒక సంఘంగా ఏర్పడి, 1886 దాకా పోబోతున్న కట్టడాలను ఫొటోలు తీయించారు. అక్కడ ఉద్దేశం ప్రేమ కాబట్టి ఫొటోలూ వేరుగా ఉంటాయి. లేబుల్ మీద "ఎవరు తీయించారు" అన్నది ముందు చదవమని మేం అనేది ఇందుకే.

పటాలకూ ఇదే వర్తిస్తుంది. 1889లో సామాజిక పరిశోధకుడు చార్ల్స్ బూత్ ప్రచురించడం మొదలుపెట్టిన లండన్ పేదరిక పటాల్లో వీధి వీధికీ ఒక రంగు. పసుపు సంపన్నులది. నలుపు అట్టడుగు వర్గానిది, దాని వివరణలో నేరస్వభావం అన్న ముద్ర కూడా కలిపేశారు. రంగు చూసి ఆ వీధిలో ఆదాయం ఎంతో ఊహించవచ్చు, మనుషులు ఎలాంటివాళ్లో కాదు.

మీ పేట గోడ మీద లేకపోయినా నిల్వలో ఉండే అవకాశం బాగానే ఉంది. ప్రదర్శనలో కనిపించేది సేకరణలో కొద్ది భాగమే. "మా పేట ఫొటోలు ఉన్నాయా" అని అడిగితే లేవనే జవాబు వస్తుంది. పేట పాత పేరు, చుట్టూ ఉన్న రెండు పెద్ద వీధుల పేర్లు, దగ్గరి బడి లేదా ఫ్యాక్టరీ పేరు, కావలసిన దశాబ్దం రాసి అడగండి. ఫొటోలు పేట పేరుతో కాక తీయించిన శాఖ పేరుతో, మురుగునీటి పనులనో రోడ్డు విస్తరణ అనో, దాచి ఉంటాయి. మురుగుకాలువ పనుల ఫొటో అడగాలని ఎవరికీ తోచదు, ఇంటి గుమ్మాలు స్పష్టంగా కనిపించేది వాటిలోనే. ఇంటి నంబర్లను నమ్మొద్దు, వీధికి వీధే తిరిగి నంబర్లు వేసిన సందర్భాలు ఎక్కువ. మూల మీది భవనం నుంచి లెక్కపెట్టుకుంటూ రండి.

ప్రశ్న: పిల్లల్ని తీసుకెళ్తే ఏ గది ముందు చూపించాలి?

నగర నమూనా ఉంటే అదే. ప్రాగ్ నగర మ్యూజియంలో ఆంటోనిన్ లాంగ్‌వైల్ 1826 నుంచి 1837 దాకా అట్టతో చేసిన నమూనా ఉంది. 1:480 స్కేలు, రెండు వేలకు పైగా ఇళ్లు. తర్వాత కూల్చేసిన పాత యూదుల వాడ ఇళ్లు అందులో నిలిచే ఉన్నాయి. న్యూయార్క్‌లోని క్వీన్స్ మ్యూజియంలో 1964 ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన నమూనా 1:1200. అక్కడ 381 మీటర్ల ఎంపైర్ స్టేట్ భవనం దాదాపు 32 సెంటీమీటర్లు. పిల్లలకు స్కేలు అంకె చెప్పి, తెలిసిన ఒక కట్టడం ఎత్తు వాళ్ల చేతే లెక్క కట్టించండి. కొలిచినది లెక్కకన్నా ఎక్కువ వస్తే ఆ నమూనాలో ఎత్తులు పెంచి చూపారన్నమాట. అది కనిపెట్టడమే వాళ్లకు సరదా.

ప్రశ్న: మ్యూజియం చూసి వచ్చాక మనసు బరువెక్కింది. నేనెరిగిన ఊరిలో ఏమీ మిగల్లేదనిపిస్తోంది. నిజంగా ఏదైనా మిగులుతుందా?

ఆ బాధ సహజమే. అయితే ఏది ముందు మారుతుంది, ఏది చివరిదాకా నిలుస్తుంది అన్నదానికి ఒక వరుస ఉంది. భౌగోళిక శాస్త్రవేత్త ఎం.ఆర్.జి. కాంజెన్ ఇంగ్లండులోని ఆల్నిక్ పట్టణంపై 1960లో వెలువరించిన అధ్యయనం దీన్ని వివరంగా చూపింది. స్థలం వాడకం అన్నింటికన్నా త్వరగా మారుతుంది, అంటే ఇల్లు దుకాణం అవుతుంది, దుకాణం గిడ్డంగి అవుతుంది. భవనాలు దానికన్నా నెమ్మది. వీధుల గీత, స్థలాల సరిహద్దులు అన్నింటికన్నా మొండివి. కారణం సులువే. భవనం ఒకరిది, వీధి మార్చాలంటే దానికి ఆనుకున్న వాళ్లందరి స్థలాలూ మార్చాలి, నేలకింది గొట్టాలూ మార్చాలి.

రోమ్‌లో పియాత్సా నవోనా పొడవాటి ఆకారం ఒకటో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి డొమిషియన్ కట్టించిన స్టేడియానిది. ఇటలీలోని లుక్కా పట్టణంలో రోమన్ల కాలపు ఆంఫిథియేటర్ (గుండ్రటి క్రీడారంగం) పోయినా దాని గోడల మీద కట్టిన ఇళ్లు ఇప్పటికీ కోడిగుడ్డు ఆకారంలో నిలబడి ఉన్నాయి. వియన్నాలో 1857లో కోటగోడలు తీసేయమని ఆజ్ఞ వచ్చింది, ఆ స్థలంలోనే రింగ్‌స్ట్రాస్సె అనే వలయ రహదారి పడింది. గోడ పోయింది, దాని చుట్టుకొలత ఉంది.

కాబట్టి ఫొటోలో ఏ భవనమూ పోల్చుకోలేకపోయినా పాత పటం తీసి, ఇప్పటి కాగితం మీద కారణం లేకుండా వంకర తిరిగిన వీధి కోసం చూడండి. తిన్నని వీధుల మధ్య ఒక్కటి మెలికలు తిరిగితే అక్కడ ఒకప్పుడు వాగో, చెరువు గట్టో, పొలం హద్దో ఉండి ఉండవచ్చు, పటంలో సరిచూడండి. వాగును గొట్టంలో పెట్టి పైన రోడ్డు వేసినచోట వానకు నీళ్లు నిలవవచ్చు. పక్కపక్క దుకాణాల ముఖభాగాల వెడల్పు కొలవండి. పైన కొత్త గాజు గోడలున్నా కింద వెడల్పులు పాత పటంలోని స్థలాల వెడల్పుతో సరిపోవడం తరచుగా చూస్తాం. నాలుగు స్థలాలు కలిపి ఒకే పెద్ద భవనం కట్టినచోట మాత్రం ఆ ఆనవాలు తెగిపోతుంది. అలాంటి చోట్లను పటం మీద వేరే రంగుతో గుర్తించండి. మీ పేటలో నిజంగా ఎంత పోయిందో అప్పుడు కొలతతో సహా తెలుస్తుంది, "ఏమీ మిగల్లేదు" అన్నదానికన్నా అది చాలా చిన్న లెక్క కావచ్చు.

ప్రశ్న: ఇంట్లో పాత వీధి ఫొటోలు, ఒక పెట్టె నెగటివ్‌లు ఉన్నాయి. మ్యూజియానికి ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. ముందు ఏమీ శుభ్రం చేయకండి, తడిగుడ్డ అసలే వద్దు. ల్యామినేషను చేయించకండి. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోను లాగకండి, పేజీతో సహా తీసుకెళ్లండి. ఫొటోలో ఉన్న చోటు, సుమారు సంవత్సరం, తీసినవారు, ఎవరి ద్వారా మీకు వచ్చింది అన్నవి వేరే కాగితం మీద రాయండి. వెనక రాయక తప్పకపోతే మెత్తని 2బి పెన్సిలుతో అంచున, గట్టి బల్ల మీద పెట్టి, ఒత్తకుండా. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు గీతలా లేస్తుంది.

నెగటివ్‌ల పెట్టె తెరవగానే వెనిగరు వాసన వస్తే అవి అసిటేట్ ఫిల్ములు, పాడవడం మొదలైంది. మిగతావాటి నుంచి వేరు చేయండి. 1950ల తొలినాళ్లకు ముందువి నైట్రేట్ ఫిల్ములు కూడా కావచ్చు. అవి సులువుగా అంటుకుంటాయి, అంటుకుంటే నీళ్లకూ ఆరవు. పసుపు తిరిగి జిగటగా మారినవి కనిపిస్తే స్కాను చేయకుండా, వేడికి దూరంగా పెట్టి, మ్యూజియానికి ఫోను చేసి చెప్పండి. అలాంటివాటిని పోస్టులో పంపకండి.

అసలు ఫొటోలు వదులుకోవాలని లేకపోతే స్కాను చేసి తిరిగి ఇస్తారా అని అడగండి. మీరే చేస్తే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ ఫైలుగా, వెనకవైపు కూడా స్కాను చేయండి. ఇచ్చేసేటప్పుడు సంతకం పెట్టే పత్రంలో రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, వస్తువు యాజమాన్యంతో పాటు కాపీరైటు కూడా ఇస్తున్నారా అన్నది. ఫొటో మీ దగ్గరున్నా దాని హక్కు తీసినవారిదో వారి వారసులదో కావచ్చు. రెండోది, తర్వాత మ్యూజియానికి అక్కర్లేదనిపిస్తే ఏం చేస్తారన్నది. తిరిగి మీకే ఇవ్వాలన్న షరతు కావాలంటే సంతకానికి ముందే రాయించుకోండి. ఇప్పటికే ఉన్నవాటిలాంటివైతే తీసుకోలేమని చెప్పవచ్చు. అప్పుడు నగర అభిలేఖాగారాన్ని అడగండి, అక్కడి అవసరాలు వేరుగా ఉంటాయి.